నీలం ట్రేలో కాగితం

కాల్చిన మిరపకాయల తొక్క తీయడానికి చాకు అక్కర్లేదు, బొటనవేలు చాలు. వేడి మీద ఉండగానే లాగితే పొర మొత్తం ఊడి వస్తుంది. చల్లారిందంటే కండకు అతుక్కుపోయి ప్రాణం తీస్తుంది. అందుకని ఆ ఆదివారం మధ్యాహ్నమంతా ఒడీలియాను అత్తగారు తొందరపెడుతూనే ఉంది. గోనెసంచీడు పచ్చిమిరపకాయలు, రోడ్డు పక్క ఇనప పీపాలో తిప్పి తిప్పి కాల్పించుకొచ్చినవి, వంటింటి బల్ల మీద పొగలు కక్కుతున్నాయి. ఏడాదికి సరిపడా ఒలిచి, సంచుల్లో కట్టి, ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒలిచేది ఒడీలియా. పర్యవేక్షించేది అత్తగారు క్లియోఫాస్.

"చేతులకు తొడుగులెందుకే? మా అమ్మ రెండు సంచులు ఒలిచి చర్చికి కూడా వెళ్లొచ్చేది, ఒట్టి చేతుల్తో."

ఆ మహాతల్లి చేతులు రాత్రంతా ఎలా మండేవో ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లూ ఉండి ఉండరు. ఒడీలియా తొడుగులు తీసి పక్కన పెట్టింది. పదహారేళ్ల కాపురంలో ఈ ఇంట్లో ఆమె విన్న మాటల్లో సగం 'త్వరగా' అనే మాటే. త్వరగా వడ్డించు, త్వరగా తెములు, త్వరగా చెప్పు విషయం. నిజానికి ఆమె చెయ్యి మొదటినుంచీ చురుకే. పల్లెటూరి బడిలో టైపు పరీక్షకు గంట కొట్టేసరికి తప్పుల్లేకుండా మూడో పేజీలో ఉండేది. పని తొందరగా అయిపోతే ఇంకో పని పుడుతుందని మాత్రం ఆ బడిలో నేర్పలేదు.

మూడు గంటలకు ఒడీలియా భర్త ఎలోయ్ డ్యూటీ దిగి వచ్చాడు. సాన్ ఎలియాస్ కౌంటీ పోలీసులో డిప్యూటీ అతను. బూట్లు విప్పకుండానే కూర్చుని కంచం కోసం చూశాడు. ఒడీలియా మండుతున్న చేతులు కడుక్కుని మాంసం కూర వడ్డించింది.

"పొద్దున్నే ఒకటే గోల," అన్నాడు తింటూ. "పాల డెయిరీ వెనక రేకుల ఇళ్లు లేవూ, అక్కడ మొగుడూ పెళ్లాం కొట్టుకున్నారు. పక్కింటావిడ ఫోన్ చేసింది. ఇద్దర్నీ తెచ్చి జైల్లో పడేశా."

"ఇద్దర్నీ ఎందుకు?"

"వాడి చెంప మీద గోటి గీత ఉంది."

"ఆమెకో?"

"పెదవి చిట్లింది. ఒక కన్ను మూసుకుపోయింది. జుట్టు కూడా..." ఎలోయ్ తన తల మీద చెవి పైన చెయ్యి పెట్టి చూపించాడు. "ఇక్కడ లేదు."

"మరింకా..."

"చట్టానికి ఆడా మగా తేడా లేదు ఒడీలియా. ఇద్దరికీ దెబ్బలున్నాయి, ఇద్దర్నీ తెచ్చా. ఎవరు ముందు మొదలుపెట్టారో కనుక్కుంటూ కూర్చుంటే నేను భోజనానికి ఎప్పుడు రావాలి?"

"సరిహద్దు అవతల్నించి వచ్చేవాళ్లు అంతేరా," అంది క్లియోఫాస్. "మనలా కాదు. మన ముత్తాతలకు ఈ నేల స్పెయిన్ రాజు రాసిచ్చాడు."

ఆ రాసిచ్చిన కాగితం ముందుగదిలో అద్దాల చట్రంలో ఉంటుంది. నేల పోయి నూరేళ్లు దాటింది. కాగితాన్ని మాత్రం శనివారం శనివారం తుడవాలి. తుడిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున ఒడీలియా తాను గుమాస్తాగా పనిచేసే జైలు ఆఫీసులో తన బల్ల ముందు కూర్చునేసరికి ఆ దెబ్బలు తిన్న పిల్ల పేరు తెరమీద ఉంది. అరాసెలి. ఇరవై నాలుగేళ్లు. డెయిరీలో పాలు పితికే పని. పుట్టింది సరిహద్దు అవతల. ఐదు నెలల బిడ్డ, పక్కింటావిడ దగ్గర ఉంది. భర్త ఇక్కడే పుట్టినవాడు, అతనికి ఏ చిక్కూ లేదు.

జైలుకు వచ్చిన ప్రతివాళ్ల వేలిముద్రలూ ఒడీలియా యంత్రం మీద తీసి పంపుతుంది. అవి పాత నేరాలేమైనా ఉన్నాయేమో చూడ్డానికి పంపినవే అయినా, వలసల శాఖవాళ్ల కంప్యూటర్ కూడా వాటిని చూస్తుంది. వాళ్లకు ఎవరైనా కావాలనిపిస్తే ఒక కాగితం వస్తుంది. దాన్ని డిటైనర్ అంటారు. ఈ మనిషిని వదిలే టైం వచ్చినా వదలకండి, మేము వచ్చి పట్టుకెళ్లేదాకా నలభై ఎనిమిది గంటలవరకూ ఉంచండి అని దాని సారాంశం. చూడ్డానికి హుకుంలా ఉంటుంది. చదివితే మనవి. కింద సంతకం ఆ శాఖ ఆఫీసరుది, జడ్జిది కాదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక జైలు ఇలా ఒకామెను ఉంచేస్తే, జడ్జి ఉత్తర్వు లేకుండా మనిషిని ఒక్క పూట ఉంచినా కొత్తగా అరెస్టు చేసినట్టేనని కోర్టు చీవాట్లు పెట్టింది. అప్పట్నుంచీ సాన్ ఎలియాస్ కౌంటీ వకీలు కూడా ఒక పేజీ నోటు రాసి గోడకు అంటించాడు. ఎవర్నీ డిటైనర్ మీద ఉంచరాదు.

జైలర్ ఆర్మిహో ఆ నోటు చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఒడీలియా బల్ల మీద ఒక నీలం ప్లాస్టిక్ ట్రే పెట్టాడు.

"చూడమ్మాయ్, మనం ఎవర్నీ ఉంచం. చట్టం అంటే చట్టమే. కానీ కాగితాలన్నాక టైం పడుతుంది కదా. ఈ ట్రేలో వేసినవి కాస్త నిదానంగా చూడు. నేను ఉంచమన్లేదు. నిదానంగా అన్నాను, అంతే. విన్నావుగా తేడా?"

విన్నది. రెండేళ్లనుంచీ వింటూనే ఉంది. విడుదల ఉత్తర్వు పొద్దున వస్తుంది. డిటైనర్ ఉన్నవాళ్ల కాగితం నీలం ట్రేలోకి పోతుంది. మధ్యాహ్నం ఏ ఒంటిగంటకో వలసల శాఖ తెల్లబండి వెనక గేటులో ఆగుతుంది. అప్పుడు జైలర్ వచ్చి, ఆ కాగితం ఇప్పుడు చూడొచ్చు అమ్మాయ్ అంటాడు. వదిలిన మనిషి నాలుగడుగులు వేసి ఆ బండెక్కుతుంది. ఎవరూ ఎవర్నీ ఉంచలేదు. గుమాస్తా కాస్త ఆలస్యం చేసింది. ఎంత తెలివి. పిస్తోళ్లు, బ్యాడ్జీలు, నడుముకు తాళాల గుత్తులు ఉన్న ఇంతమంది మగాళ్లు తమకు చేతకాని పనిని ఒక ఆడదాని చేతివేళ్ల మీద పెట్టి, ఆమె చాటున నిలబడ్డారు. ఇంట్లో త్వరగా, ఇక్కడ నిదానంగా. ఆమె చేతులు ఆమెవి కావు, మిగతా అందరివీ. ఇది తెలిసీ ఆమె రెండేళ్లు ఆ ట్రే నింపింది. ఒకసారి పొలాలకు నీళ్లు పెట్టే ముసలాయన్ని అలాగే పట్టుకెళ్లారు, ఆయన టోపీ సామాన్ల గదిలో ఉండిపోయింది. దాన్ని చూసిన రోజు ఒడీలియా ఇంటికెళ్లి ఏమీ జరగనట్టు రొట్టెలు కాల్చింది. ఆర్మిహోను తలుచుకుంటే కలిగే ఏవగింపులో కొంత తనకూ వాటా ఉందని ఆమెకు తెలుసు.

సోమవారం పదిన్నరకు అరాసెలి పేరు మీద డిటైనర్ వచ్చింది. భోజనాలప్పుడు ఆడవాళ్ల గదివైపు వెళ్తే, కాపలా ఉండే ఆవిడ కాగితపు రుమాళ్ల కట్ట పట్టుకుని కనిపించింది.

"ఆ పిల్లకి పాలు పొంగుతున్నాయి," అంది. "చొక్కా రెండుసార్లు మార్చాను. మూడోది లేదు. వేరే చొక్కా కావాలంటే జైలర్‌కి అర్జీ రాయాలట. ఏమని రాయను, పాలు వచ్చినవి అనా?"

కటకటాల అవతల అరాసెలి రొమ్ములకు రుమాళ్లు అదుముకుని నిలబడి ఉంది. మూసుకుపోయిన కన్ను ఊదారంగులోకి తిరిగింది. ఒడీలియాను చూసి, "నన్ను వదుల్తారా, పంపేస్తారా?" అని అడిగింది.

"రేపు జడ్జి ముందుకు తీసుకెళ్తారు," అంది ఒడీలియా. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఎలోయ్ తన కంచం తానే కడిగాడు. పదహారేళ్లలో మొదటిసారి. ఎక్కడ పెట్టాలో తెలియక కంచం పట్టుకుని వంటింట్లో కాసేపు తిరిగాడు కూడా. ఒడీలియా మిరపకాయల సంచులు ఫ్రీజర్‌లో సర్దుతూ, ఇతనికి దేనికో భయమేసింది అనుకుంది.

"ఆ డెయిరీ అమ్మాయి కాగితం నీ దగ్గరికే వస్తుంది కదూ?"

"అన్నీ నా దగ్గరికే వస్తాయి."

"జైలర్ చెప్పినట్టు చెయ్. నిదానంగా. ఆమె పోతే పీడా పోతుంది."

"ఎవరి పీడ?"

ఎలోయ్ తువ్వాలు మడిచాడు, విప్పాడు. "ఆ అమ్మాయి పక్కింటావిడ వకీలుతో మాట్లాడుతోందట. దెబ్బలు తిన్నదాన్ని ఎందుకు పట్టుకెళ్లావని నా మీద ఫిర్యాదు పెట్టిస్తుందట. సార్జెంట్ పరీక్ష ముందు నాకిప్పుడు ఫిర్యాదు కావాలా? ఆమె అవతలికి వెళ్లిపోతే చెప్పేదెవరు, వినేదెవరు? నువ్వు చెయ్యాల్సింది కూడా ఏం లేదు. ఊరికే కూర్చో. ఏ భార్యయినా మొగుడి కోసం ఆమాత్రం చెయ్యదా?"

"భోజనానికి ఆలస్యమవుతుందని కదా ఆమెను తెచ్చావు."

"మొదలుపెట్టావా," అన్నాడు ఎలోయ్, కడిగిన కంచం పొయ్యి మీద పెట్టేసి వెళ్లిపోతూ.

ఒడీలియా కంచం తీసి చూసింది. అంచున చారు ఇంకా అంటుకునే ఉంది. మళ్లీ కడిగింది.

మంగళవారం ఎనిమిదిన్నరకు జడ్జి వీడియో తెరమీదే ఇద్దరి కేసులూ చూశాడు. అరాసెలి మీద అసలు కేసే నిలవదు, వెంటనే వదలండి అన్నాడు. ఆమె జోలికి వెళ్లొద్దని చెప్పి భర్తను కూడా వదిలాడు. ఆర్మిహో భర్త కాగితాన్ని ఒడీలియా చేతికిచ్చి, "ఇది కానిచ్చెయ్" అన్నాడు. రెండో కాగితాన్ని నీలం ట్రేలో వేశాడు. చెంప మీద గీత ఉన్నవాడు ఈల వేసుకుంటూ వాళ్లన్న బండెక్కి పోయాడు.

"నువ్వు పద అమ్మాయ్, కౌంటీ మీటింగుకి. సోంపు బిస్కెట్లు చేశావుగా? రెండు పళ్లేలూ తీసుకురా. వెనక వరసలో కూర్చో. మన ఆఫీసు తరఫున నలుగురు కనబడాలి."

"మరి ట్రేలో..."

"నువ్వు వచ్చేదాకా ట్రేని ఎవరూ ముట్టుకోరు. ఈరోజు బండి పదకొండున్నరకే వస్తుందట. అప్పుడు చూద్దాం." ఆర్మిహో కన్ను కొట్టాడు. అతనిది మంచి మనసేనని అతని నమ్మకం.

కౌంటీ సభాభవనం జైలు ఎదురుగానే, ఆవరణ దాటితే చాలు. జైలు ముందు గేటు బయట ఒకావిడ బిడ్డనెత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పక్కింటావిడే అయి ఉండాలి. బిడ్డ పాలసీసా వద్దని మొహం తిప్పేసుకుని ఏడుస్తోంది. ఒడీలియా బిస్కెట్ల పళ్లేలతో వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లింది.

సభలో ఆరోజు చర్చ డిటైనర్ల మీదే. జడ్జి సంతకం చేసిన ఉత్తర్వు లేకుండా ఎవర్నీ ఉంచకూడదని కౌంటీ తరఫున ఒక తీర్మానం రాసి పెట్టాలా వద్దా అని. తలకు మూడు నిమిషాలు. పశువుల ఆసామీ ఒకాయన లేచి, నేరం చేసి దొరికినవాణ్ణి జైల్లోనే అప్పగిస్తే సరిపోయేదానికి, వదిలేసి మళ్లీ ఇళ్లమీద పడి పట్టుకోవడం ఎవరికి క్షేమం అన్నాడు. ఒక కన్యాస్త్రీ లేచి, ఫోన్ చేస్తే పంపేస్తారని తెలిశాక, ఇంట్లో దెబ్బలు తినే ఆడది ఇంక ఎవరికి ఫోన్ చేస్తుంది నాయనా అంది. డెయిరీ యజమాని ఇద్దరినీ మెప్పించేలా మాట్లాడి ఎవరికీ అర్థం కాకుండా కూర్చున్నాడు. క్లియోఫాస్ తన చర్చి స్నేహితురాళ్లతో ముందు వరసలో ఉంది. లేచి స్పెయిన్ రాజు కాగితం గురించి మూడు నిమిషాలూ చెప్పింది. ఎలోయ్ యూనిఫారంలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరికి అధ్యక్షురాలు శ్రీమతి టాఫోయా జైలర్‌ను పిలిచింది. ఒకప్పుడు బడిపంతులమ్మ ఆమె. ఇప్పటికీ ఎవరు మాట్లాడుతున్నా జవాబుపత్రం దిద్దుతున్నట్టే చూస్తుంది.

"మీ జైల్లో డిటైనర్ ఉన్నవాళ్లు ఉత్తర్వు వచ్చాక కూడా నాలుగేసి, ఐదేసి గంటలు లోపలే ఉంటున్నారని వకీళ్లు అంటున్నారు."

"లేదమ్మా, మేము ఎవర్నీ ఉంచం," అన్నాడు ఆర్మిహో. "అందుకే ఈ తీర్మానం అక్కర్లేదంటున్నాను. వచ్చిన చిక్కల్లా కాగితాల దగ్గర. అక్కడ ఒకామె ఉంది మాకు. మంచిది, పాపం కష్టపడుతుంది. ఏం చేస్తాం, కాస్త నిదానం మనిషి." గొంతు తగ్గించి నవ్వాడు. "బిస్కెట్లు మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది. తిన్నారుగా."

హాలంతా నవ్వింది. క్లియోఫాస్ వెనక్కి తిరిగి స్నేహితురాళ్లకు వినబడేట్టు, "ఇంట్లోనూ ఇంతే" అంది. గోడ దగ్గర ఎలోయ్ కూడా నవ్వాడు. నవ్వి, ఒడీలియా చూస్తోందని గమనించి బూట్ల వంక చూసుకున్నాడు.

ఒడీలియాకు కోపం రాలేదు. కోపం రావాలంటే అవతలివాళ్ల మీద కాస్తయినా గౌరవం మిగిలుండాలి. ఆమెకు వాళ్లు ఒక్కసారిగా చాలా చిన్నగా కనిపించారు. రేపు ఎవరో వకీలు సభ రికార్డులో ఈ మాటలు చదువుతాడు. ఆలస్యాల జాబితా తెప్పిస్తాడు. ప్రతి వరస చివరా తన పేరే ఉంటుంది. జైలర్ పింఛను పుచ్చుకుంటాడు, ఎలోయ్ సార్జెంట్ అవుతాడు, నిదానం మనిషి బోనెక్కుతుంది. అదైనా పరవాలేదు. కానీ ఈ నవ్వు నవ్వుతున్నంతసేపూ అవతల ఒక పిల్ల రొమ్ములు గడ్డలు కట్టి నిలబడి ఉంది, దానికి కారణం తన చేతులని వీళ్లు రాయిస్తున్నారు. అది అబద్ధం కూడా కాదు. ట్రేలో కాగితాన్ని అలా ఉంచి, బిస్కెట్లు మోసుకొచ్చి ఇక్కడ కూర్చున్నది తనే.

గోడ గడియారం పదింపావు చూపిస్తోంది. ఒడీలియా ఖాళీ కాఫీ కూజా పట్టుకుని లేచింది. కూజాతో వెళ్లే ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. బయటి అరుగు మీద కూజా పెట్టేసి ఆవరణ దాటింది. నీలం ట్రేలోంచి కాగితం తీసింది. వేలిముద్ర సరిచూసింది. జడ్జి ఉత్తర్వు నంబరు కొట్టింది. సామాన్ల గదిలోంచి అరాసెలి సంచీ తెచ్చింది. అందులో పాలు పితికేటప్పుడు వేసుకునే రబ్బరు బూట్లు, జుట్టు క్లిప్పు, ఫోను ఉన్నాయి. కాపలా ఆవిడ తాళంచెవి పట్టుకుని ఆగింది.

"జైలర్ గారికి తెలుసా?"

"జడ్జి గారికి తెలుసు. తలుపు తియ్యి."

కాపలా ఆవిడ తీసింది. అరాసెలి కలం పట్టుకుని, "ఇక్కడ సంతకం పెడితే వాళ్లు వస్తారా?" అంది.

"ఇది నీ సామాను నీకిచ్చినట్టు, అంతే. వాళ్లు పదకొండున్నరకు వస్తారు. వెనక గేటుకి వస్తారు. నువ్వు ముందు గేటునుంచి వెళ్లు. మీ పక్కింటావిడ అక్కడే ఉంది. ఆవిడ మాట్లాడిన వకీలు దగ్గరికే తిన్నగా పోండి, ఇంటికొద్దు."

అరాసెలి బూట్లు తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని, మేజోళ్లతోనే, సిమెంటు మీద పరుగులాంటి నడకతో వెళ్లింది. గేటు దగ్గర బిడ్డ ఏడుపు సగంలో ఆగిపోయింది.

విడుదలైన టైం యంత్రం తనంతట తానే వేసుకుంది. ఒడీలియా చూసింది. కాగితం చేతిలోకి తీసుకున్నప్పట్నుంచి పదకొండు నిమిషాలు. అచ్చు తీసి, మడవకుండా పట్టుకుని, మళ్లీ ఆవరణ దాటింది.

సభలో ఇంకా ఎవరో మాట్లాడుతున్నారు. అయ్యాక అధ్యక్షురాలు, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఒడీలియా వెనక వరస దగ్గర ఆగలేదు. మధ్య దారిలో నడిచి మైకు ముందు నిలబడింది. జైలర్ ఆర్మిహో బిస్కెట్ నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"మీ పేరమ్మా?" అంది శ్రీమతి టాఫోయా.

"ఒడీలియా. జైలర్ గారు నిదానం మనిషన్నది నన్నే." చేతిలోని అచ్చు కాగితం మైకు పక్కన పెట్టింది. "ఇప్పుడే వెళ్లి ఒకామెను వదిలి వచ్చాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఎవరిదైనా అంతే పడుతుంది."

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుంది. పక్కన చర్చంతా రాసుకునే ఆవిడ వేళ్లు టైపు మీటల మీద ఆగి ఎదురుచూస్తున్నాయి.

"మరి మిగతావాళ్లకు ఐదేసి గంటలు ఎందుకు పట్టింది?"

"నిదానంగా చెయ్యమన్నారు. చేశాను. రెండేళ్లు చేశాను. ఆ తప్పు నాది, అదీ రాసుకోండి."

"ఎవరు చెప్పారమ్మా అలా చెయ్యమని?"

"ఒడీలియా," అన్నాడు ఎలోయ్ గోడ దగ్గర్నుంచి, ఇంట్లో పిలిచినట్టే. క్లియోఫాస్ మెడ తిప్పి చూసింది.

ఒడీలియా రాసుకునే ఆవిడ వైపు తిరిగి, ఆమె సిద్ధంగా ఉందో లేదో చూసుకుని, జైలర్ పూర్తి పేరు చెప్పింది. ఆమె టైపు చెయ్యడం అయ్యేదాకా ఆగింది. తర్వాత తన భర్త పేరు చెప్పింది.